పెదవి చూసి చెప్పండి!

మొన్న ఆదివారం రావులపాలెంలో మా యింటికి ఒక శిష్యుడు వచ్చి, నా చేతిలో రాతిపెళ్ళ ఒకటి పెట్టాడు. రాజమండ్రి దగ్గర కాతేరులో మేనమామగారి ఊళ్ళో దొరికిందట. అందులో మరమేకులా మెలికలు తిరిగిన గుల్ల ఉంది.

"ఇందులో వింతేముందోయ్? మన కాలవలో ఉండే సన్న నత్తే గదా!" అన్నాను.

"దాని పెదవి చూడండి మాస్టారూ!" అన్నాడు.

పెదవి అంటే గుల్లనోటి అంచు. మన కాలవ నత్తకు, శాస్త్రజ్ఞుల మాటలో మెలనాయిడిస్‌కు, ఆ అంచు గుండ్రంగా, తెంపు లేకుండా ఉంటుంది. ఉప్పునీటి సెరిథియం కూడా అలాగే పొడుగు గుల్లే. కాని దాని అంచు అడుగున చిన్న గాడి ఉంటుంది. నీరు పీల్చే గొట్టం చాపుకునేందుకు. వాడి రాతిలో ఆ గాడి ఉంది. నేను ఒళ్ళు చూసి మోసపోయాను.

పెదవికంటె ముందు మెలిక చూడాలి. మొన పైకి, నోరు మనవైపు ఉండేట్టు పట్టుకుంటే, నోరు కుడిచేతివైపు ఉన్నది కుడిమెలిక. ఎడమవైపు ఉన్నది ఎడమమెలిక. నాగపూరు ప్రాంతపు లావా పొరల నడుమ రాళ్ళలో దొరికే మంచినీటి నత్తల్లో లిమ్నియాది కుడిమెలిక, ఫైసాది ఎడమమెలిక. పట్టుకునే తీరు మారిస్తే లెక్కే తిరగబడుతుంది. మనం పూజించే దక్షిణావర్త శంఖం శాస్త్రజ్ఞుల లెక్కలో ఎడమమెలికే! మనవారు మొన కిందికి ఉంచి చూస్తారు మరి.

ఇంత చాదస్తం ఎందుకంటారా? కాతేరు గుల్ల మంచినీటిదైతే అక్కడొక చెరువు ఉండేదనాలి. ఉప్పునీటిదైతే సముద్రం రాజమండ్రి గుమ్మం దాకా వచ్చిందనాలి. 1860లోనే, నాగపూరులో ఉండిన స్టీఫెన్ హిస్లాప్ ఈ రాజమండ్రి గుల్లలను కూడా వర్ణించాడు. నదీ సముద్రం కలిసేచోటి జీవులవి. 2008లో గెర్టా కెల్లర్ బృందం రాజమండ్రి క్వారీల్లోని సూక్ష్మ సముద్రజీవుల గుల్లలు పరీక్షించి, లావా పొరల నడుమనున్న ఆ రాయి సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందటి రాక్షసిబల్లుల వినాశం తర్వాతి కాలానిదని తేల్చింది.

తెలుగు పంతులుకు ఈ సూత్రం కొత్తదేమీ కాదు. "పాలు" అంటే క్షీరమూ అవుతుంది, వాటా కూడా అవుతుంది. పక్క మాటలు చూడనిదే అర్థం చెప్పలేం. నత్తకూ అంతే: రూపం సగం చెబుతుంది, ఏ పొరలో, ఏ గుల్లల నడుమ దొరికిందన్నది తక్కిన సగం. ఫైసా ప్రిన్సెపీ అని 1840లో రూపం చూసి పేరు పెట్టిన నత్తనే తర్వాతి పండితులు ప్లాటిఫైసా అనే వేరే ప్రజాతిలో చేర్చారు. మెత్తని ఒళ్ళు రాతిలో మిగలదు గదా!

ఆ కుర్రవాడు రాయి వెనుక కాగితం అంటించాడు. ఊరు, గోతి లోతు, తేదీ. నేను వాడికి తప్పు ఒప్పుకున్నాను. మీకూ ఎక్కడైనా గుల్లరాయి దొరికితే, ముందు ఆ కాగితం అంటించండి. ఊరు పేరు పోయిన రాయి ఉత్త రాయే.