భీముడెందుకు నచ్చాడు?

కథలో ఇష్టమైన పాత్ర ఎవరని అడిగితే జవాబు వెంటనే వస్తుంది. ఎందుకని అడిగినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. భిలాయ్ ఉక్కు పట్టణానికి ఆ రెండో ప్రశ్న పాతదే.

భిలాయ్ పరిసరాల్లో మహాభారతం గురించి ఎవరిని అడగాలన్నా మొదట గుర్తొచ్చే పేరు తీజన్‌బాయిది. ఆమె ఆ కథను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. 1956లో భిలాయ్‌కి దగ్గర్లోని గనియారీ గ్రామంలో, పార్ధీ తెగ కుటుంబంలో పుట్టిన ఆమె బడి మొహం చూడలేదు. తాత బ్రిజ్‌లాల్ పాడుతుంటే చెవులు రిక్కించి విని, కథంతా కంఠస్థం చేసింది. 13 ఏళ్ల వయసులో చంద్రఖురి అనే పల్లెలో తొలిసారి జనం ముందు నిలబడి పాడితే ముట్టింది 10 రూపాయలు. తర్వాతి రోజుల్లో అదే పాట ఆమెను ఖండాలు దాటించింది. 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ తెచ్చిపెట్టింది. మధ్యలో భిలాయ్ ఉక్కు కర్మాగారం ఆమెకు ఉద్యోగమిచ్చింది.

ఆమె పాడేది పాండవానీ. పేరును బట్టి ఐదుగురు అన్నదమ్ముల కథే అయినా, ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో దానికి నాయకుడు ఒక్కడే. ధర్మం చెప్పే ధర్మరాజు కాదు, గురి తప్పని అర్జునుడూ కాదు, భీముడు. తీజన్‌బాయి చేతిలోని తంబూరా ఒక క్షణం విల్లు, ఇంకో క్షణం రథం, మరో క్షణం ద్రౌపది జుట్టు. కానీ అది భుజమ్మీదికెక్కి గద అయినప్పుడు జనంలో పుట్టే కదలికే వేరు. దుశ్శాసన వధ ఆమెకు పెట్టింది పేరు.

భీముడే ఎందుకు? కారణం ఊహించడం కష్టం కాదు. పాండవుల్లో ఒంటి కష్టం చేసేవాడు అతనే. లక్క ఇల్లు తగలబడిన రాత్రి తల్లినీ అన్నదమ్ములనూ మోసుకెళ్లింది అతను. ఏకచక్రపురంలో బండెడు అన్నం తిని బకాసురుణ్ని చంపింది అతను. విరాటుడి కొలువులో వలలుడై గరిటె పట్టిందీ అతనే. ఆకలిని దాచుకోడు, కోపాన్ని అసలే దాచుకోడు. నిండు సభలో భార్యకు అవమానం జరుగుతుంటే మిగిలినవాళ్లు ధర్మసూక్ష్మం ఆలోచిస్తారు. జూదమాడిన అన్న చేతులు కాల్చేస్తాను, నిప్పు తెమ్మని సహదేవుణ్ని పురమాయించేది భీముడొక్కడే. వరి మళ్లలోనూ ఇనుప గనుల్లోనూ ఒళ్లు వంచే జనానికి ఆ మనిషి మన మనిషిగా తోచడంలో వింతేముంది?

భక్తులకు మహాభారతం ఇతిహాసం. పదేళ్ల పిల్లలకు మాత్రం అది మొట్టమొదట రాక్షసులు, మంత్రాస్త్రాలు, శాపాలు, మాయాసభలు కిక్కిరిసిన 18 భాగాల అద్భుత కథ. పెద్దలు అందులో నీతి వెతుకుతారు. పిల్లలు తమవాడెవరా అని వెతుకుతారు.

ఆ వెతుకులాటకు భిలాయ్ లాంటి చోటు అరుదు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ చేతుల మీదుగా తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలయ్యేసరికే అక్కడికి దేశం నలుమూలల నుంచీ మనుషులు చేరారు. విజయనగరం నుంచి రాయ్‌పూర్ వెళ్లే రైలు మార్గం పట్టుకుని ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన వాళ్లూ అందులో ఉన్నారు. సెక్టార్లవారీగా కట్టిన క్వార్టర్లలో ఒక గోడకు అటు బెంగాలీలు, ఇటు తెలుగువాళ్లు, ఎదురుగా మలయాళీలు. ఒకే సైరన్‌కు లేచే వీధిలో నాలుగు రకాల తాళింపు వాసనలు. ప్రతి ఇంటి సామాన్లతో పాటు ఒక భారతం కూడా వచ్చింది. ప్రతి భారతంలోనూ ఇష్టుడు వేరు.

తెలుగు ఇంటి నుంచి వెళ్లిన భారతంలో కాగితం కంటే తెర వాటా ఎక్కువ. 1957లో వచ్చిన 'మాయాబజార్' ఎస్.వి.రంగారావు ఘటోత్కచుణ్ని ప్రతి ఇంటికీ మేనమామను చేసింది. 1977లో 'దానవీరశూర కర్ణ' తీసిన ఎన్.టి.రామారావు కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడు పాత్రలూ తానే వేసి, ఎవరి పక్షం వహించాలో తేల్చుకోలేని ఇరకాటంలో ప్రేక్షకుణ్ని పడేశారు. అప్పటిదాకా విలన్‌గా ఉన్న దుర్యోధనుడి మాటలను కుర్రకారు వల్లె వేయడం మొదలైంది. కాబట్టి పాండవానీ జరిగే చోట ఛత్తీస్‌గఢీ ముసలమ్మ భీముడంటే, పక్కనే కూర్చున్న తెలుగు ముసలమ్మ ఘటోత్కచుడనవచ్చు. ఇద్దరూ తండ్రీకొడుకులనే సంగతి గుర్తొస్తే అక్కడ చుట్టరికం కలిసినట్టే.

పుస్తకాల మాటకొస్తే ఆ చుట్టరికం కలిపిన ఘనత 'చందమామ'ది. 1947లో తెలుగు, తమిళ భాషల్లో మొదలై, 1949లో హిందీలోకి, తర్వాత మరెన్నో భాషల్లోకి వెళ్లిన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన జానపద సీరియళ్లు 1950ల నుంచి 1970ల దాకా నెలనెలా సాగాయి. 'తోకచుక్క', 'రాకాసిలోయ', 'శిథిలాలయం', 'మాయా సరోవరం'... ఇవన్నీ హిందీ చందమామలోనూ అచ్చయ్యాయి. భిలాయ్ లాంటి ఊళ్లో దీని ప్రయోజనం వేరు. పక్క క్వార్టర్ కుర్రాడు హిందీలో చదివిన భాగాన్నే తెలుగు కుర్రాడు తెలుగులో చదివి, సాయంత్రం ఇద్దరూ కలిసి జయశీలుడు గొప్పా, సిద్ధసాధకుడు గొప్పా అని కాట్లాడుకునే వీలుంది. రాసినాయన పేరు పత్రికలో వేసేవారు కాదు. పాఠకుడికి రచయిత తెలియడు, పాత్రలు మాత్రం బాగా తెలుసు.

2000లలో ఆ స్థానంలోకి ఇంగ్లండ్ నుంచి ఒక కళ్లద్దాల కుర్రాడొచ్చాడు. 1997లో మొదలైన హ్యారీ పాటర్ ఏడు సంపుటాలు 2007 జూలై 21న ముగిశాయి. భోపాల్‌కు చెందిన మంజుల్ సంస్థ వాటిని హిందీలోకి తెచ్చింది. ఈ సిరీస్‌తో ఒక సంగతి స్పష్టమైంది. ఇష్టమైన పాత్ర ఎవరంటే కథానాయకుడి పేరే చెప్పాలనేం లేదు. క్లాసులో అందరికంటే ముందు చెయ్యెత్తి నవ్వులపాలయ్యే అమ్మాయి హెర్మయనీని ఎంచుకుంటుంది. దేన్నీ సరిగ్గా గుర్తుపెట్టుకోలేక నానమ్మ చేత చివాట్లు తినే నెవిల్ మరో పిల్లాడికి నచ్చుతాడు. మొదటి సంపుటం చివర్లో స్నేహితులకే ఎదురు నిలిచినందుకు నెవిల్‌కు దక్కిన 10 మార్కులే వాళ్ల జట్టును గెలిపిస్తాయి. పదిలో పది తెచ్చుకోలేని పిల్లలకు ఆ 10 మార్కుల విలువ విడమరిచి చెప్పనక్కర్లేదు.

పాఠకులు చెప్పే కారణాలను గమనిస్తే అవి సాధారణంగా మూడు రకాలు. 'అచ్చం నాలాగే ఉంటాడు' అనేది మొదటిది. నెవిల్‌కు ఓటు వేసేవాళ్ల మాట అది. 'నేను చేయలేనిది చేస్తాడు' అనేది రెండోది. పై అధికారికి ఎదురు చెప్పలేని మనిషికి భీముడు అందుకే నచ్చుతాడు. 'పాపం, వాడి తరఫున ఎవరూ లేరు' అనేది మూడోది. కర్ణుడికి తరతరాలుగా దక్కుతున్న అభిమానమంతా ఈ ఖాతాలోదే. ఈ మూడూ పాత్ర గురించి చెప్పే మాటల్లా కనిపిస్తాయి. నిజానికి మూడూ చెప్పేవాడి గురించినవే.

అంతటితో ఆగితే ఇది కాలక్షేపం. అసలు పరీక్ష తర్వాత మొదలవుతుంది. ఏ పాత్రను వెనకేసుకొచ్చినా, కథలోనే ఇంకెవరో ఒకరు లేచి నిలదీస్తారు. కర్ణుడి అభిమాని ద్రౌపదికి జవాబు చెప్పాలి. కులం పేరిట అవమానం తిన్న మనిషే ఆ రోజు సభలో ఆమె వలువలు తీయమన్నాడు. స్నేప్‌ను ఇష్టపడేవాళ్లు నెవిల్‌కు జవాబు చెప్పాలి. చివరి సంపుటంలో స్నేప్ గుట్టుగా మోసిన ప్రేమ, చేసిన త్యాగం తెలిసి కన్నీళ్లు పెట్టుకున్న పాఠకులకు మూడో సంపుటం గుర్తుండాలి. ఎదుటివాడి భయం ఏ రూపమైతే ఆ రూపం ధరించే మాయజీవి నెవిల్ ముందుకు రాగానే స్నేప్‌గా మారుతుంది. పిల్లాడి గుండెల్లో అంత దడ పుట్టించిన మాస్టారిని ఎంత త్యాగమూ పూర్తిగా కడగలేదు.

భీముడికీ మినహాయింపు లేదు. అడవిలో హిడింబిని పెళ్లాడి, కొడుకు పుట్టాక ఆమెను అక్కడే వదిలి వెళ్లినవాడు అతను. ఆ కొడుకే పెద్దయి యుద్ధానికొస్తే, అర్జునుడి కోసం దాచిన శక్తిని కర్ణుడు అతని మీద ఖర్చు చేసేలా చేశారు. ఘటోత్కచుడు కూలిన రాత్రి పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషించాడు. వియ్యాలవారి విందంతా ఆరగించి నవ్వులు పూయించిన మాయాబజార్ ఘటోత్కచుడికీ, కురుక్షేత్రంలో ఖర్చయిపోయిన ఘటోత్కచుడికీ మధ్య ఎంత దూరమో! తెలుగువాళ్లు అతణ్ని అంతగా ప్రేమించడంలో, వ్యాసుడి కథలో జరిగిన అన్యాయానికి వడ్డీతో సహా తీర్చిన బాకీ ఉందేమో.

తప్పు తెలిసీ ఎందుకు ఇష్టమో చెప్పగలగడం పెద్ద విద్య. ఆ విద్యకు బళ్లో చోటు తక్కువ. 'ఫలానా పాత్ర స్వభావాన్ని వివరించుము' అనే ప్రశ్న అన్ని భాషల పరీక్షల్లోనూ ఉంటుంది. ధైర్యశాలి, త్యాగశీలి, మాట తప్పనివాడు అనే ఐదు పాయింట్లూ గైడులో ఉంటాయి. పిల్లవాడికి ఆ పాత్ర నచ్చిందా లేదా అని అడిగేవారుండరు. అందులోనూ భిలాయ్ పేరు మోసిన కోచింగ్ పట్టణం. ఫ్యాక్టరీలో నాన్న ఉద్యోగం కొడుక్కి దొరికే రోజులు పోయాయని తెలిసిన ఇళ్లలో చదువంటే ఎంట్రన్స్ చదువే. నాలుగు ఆప్షన్లలో ఒకటే ఒప్పు, తప్పయితే మార్కు కోత. దాన్ని తప్పుపట్టలేం. ఆ చదువే చాలా కుటుంబాలను ఒక మెట్టు పైకి తెచ్చింది. అయితే కీ పేపర్ లేని ప్రశ్న ఒక్కటైనా ఎదుర్కోకుండా పిల్లలు పెద్దవాళ్లయిపోతే, రేపు ఏ నాయకుణ్ని, ఏ సినిమా హీరోను, ఏ గురువును నెత్తిన పెట్టుకున్నా ఎందుకో చెప్పలేరు. అతని తప్పు ఎత్తి చూపినవాడి మీద కలబడడమే జవాబనుకుంటారు.

తీజన్‌బాయి చెల్లించిన మూల్యం ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. ఆమె కాలానికి పాండవానీ పాడే ఆడవాళ్లు కూర్చుని పాడాలి. దాన్ని వేదమతి శైలి అంటారు. నిలబడి, నడిచి, గద ఎత్తి అభినయించే కాపాలిక శైలి మగవాళ్ల సొత్తు. ఆ గీత దాటినందుకు కులం ఆమెను వెలివేసింది. చిన్న గుడిసె వేసుకుని, ఇరుగుపొరుగు దగ్గర గిన్నెలు అడిగి తెచ్చుకుని బతికింది తప్ప పాట మానలేదు. భీముడు ఎందుకు నచ్చాడో కూర్చుని చెప్పడం ఆమెకు చాలలేదు. నిలబడి చెప్పాల్సి వచ్చింది. ఆ తోవలో నడిచిన భిలాయ్ గాయని ఉషా బార్లేకు 2023లో పద్మశ్రీ వచ్చింది. అప్పటికి ఆడమనిషి గద ఎత్తడం వింత కాదు.

ఉక్కు పట్టణంలోని తెలుగు ఇళ్లకు ఇందులో మరో స్వార్థం కూడా ఉంది. మూడో తరానికొచ్చేసరికి తెలుగు చాలా ఇళ్లలో నోటి మాటగానే మిగిలింది, అక్షరం జారిపోయింది. సిక్కోలు యాసలో మాట్లాడే నానమ్మకూ, హిందీలో కలలు కనే మనవరాలికీ మధ్య మాట్లాడుకునే సంగతులు ఏటేటా తగ్గుతున్నాయి. తిన్నావా, పడుకున్నావా దగ్గర ఆగిపోతున్నాయి. ఘటోత్కచుడు ఎందుకిష్టమో నానమ్మ, హెర్మయనీ ఎందుకిష్టమో మనవరాలు చెప్పుకుంటే రెండు భాషలూ కలిసిపోయి నడుస్తాయి. ఒకరి కథ ఇంకొకరికి తెలియకపోవడం అక్కడ అడ్డంకి కాదు, అదే అవకాశం. తెలియనివాళ్లకు చెప్పేటప్పుడే మనిషి విడమరిచి చెబుతాడు.

పాండవానీలో ప్రధాన గాయకురాలి పక్కన ఒకరుంటారు. ఆ వ్యక్తిని రాగి అంటారు. ఉక్కు ఊళ్లో వినిపించినా ఇది లోహం పేరు కాదు. బుర్రకథలో వంతలాగా ఊ కొట్టడం, మధ్యమధ్యలో ఆపి అడగడం ఆ రాగి పని. అలా ఎందుకు చేశాడు? తర్వాతేమైంది? కథ తెలియక కాదు, చెప్పేవాళ్ల చేత చెప్పించడానికి అడుగుతాడు. పిల్లలున్న ప్రతి ఇంట్లో ఆ పని చేసే మనిషి ఒకరుండాలి. ఖర్చు లేని ఉద్యోగం. ఎవరు నచ్చారని అడగాలి, ఎందుకని అడగాలి, జవాబు వచ్చేదాకా ఓపిగ్గా ఊ కొట్టాలి.