జైలు గుమ్మం దగ్గర అడిగే ప్రశ్న

2021 నవంబరు 2న ఓటీటీలో వచ్చిన ‘జై భీమ్’ను మన సంఘాల్లో చాలామంది తెలుగులోనే చూశారు. లాకప్ దెబ్బలు చూడలేక కళ్లు మూసుకున్నామన్నవారూ ఉన్నారు. మాకు మాత్రం మొదటి దృశ్యమే మనసులో నిలిచిపోయింది. సబ్‌జైలు నుంచి విడుదలైనవారిని గుమ్మం దగ్గర ‘నీదే కులం?’ అని అడుగుతారు. కొందరిని ఇంటికి పంపుతారు. ఇరుళ్ల వంటివారిని పక్కన నిలబెడతారు. బయట కాచుకున్న పోలీసులు, తేలని పాత కేసులు వారిమీద మోపి తిరిగి తీసుకుపోతారు.

ఈ చిత్రానికి ఆధారం 1993లో తమిళనాడులో జరిగిన లాకప్ మరణం. మనిషి పారిపోయాడని పోలీసులు చెప్పారు. భార్య నమ్మలేదు. న్యాయవాది కె. చంద్రు హైకోర్టులో హెబియస్ కార్పస్ వేశారు.

మన రాష్ట్రం సంగతి? 2007 నాటి విజయవాడ హాస్టల్ హత్య కేసులో ఒక దళిత యువకుడు 2008లో అరెస్టయ్యాడు. 2010లో యావజ్జీవ శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా వదిలి, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. ఎనిమిదేళ్లకు పైగా జైలు. లెక్క వేస్తే ఏడాదికి పన్నెండు వేలు కూడా పడలేదు.

2022 చివరికి దేశంలో 5,73,220 మంది ఖైదీలుంటే 4,34,302 మంది నేరం రుజువు కానివారే. 2024 జూలై 1న వచ్చిన కొత్త చట్టం 479వ సెక్షన్ ప్రకారం, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం జైల్లో గడిపితే బెయిలు ఇవ్వాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులున్నా వర్తించదు. ఆ గుమ్మం దగ్గర మోపిన పాత కేసు ఎంత పని చేస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది.

మనమూ తప్పించుకోలేము. ఎరుకలవారిని పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసిన కాలంలో, స్టూవర్టుపురం సెటిల్‌మెంటును నడిపింది సాల్వేషన్ ఆర్మీయే. ఆ చట్టం 1952లో పోయింది, అనుమానం పోలేదు.

క్రిస్మస్‌కు జైలుకు వెళ్లి పాటలు పాడి, దుప్పట్లు, మిఠాయిలు పంచి వస్తాం. మంచిదే. యోసేపు మాత్రం పానదాయకుల అధిపతిని కోరింది మిఠాయి కాదు, ఫరోతో ఒక్క మాట చెప్పమని. అతడు మరచిపోయాడు, రెండేళ్లు గడిచాయి.

బొబ్బిలి పెద్దలు ఈసారి వెళ్లినప్పుడు ప్రతి ఖైదీని రెండు సంగతులు అడగాలి: లాయరు ఉన్నాడా? బెయిలు వచ్చీ జామీనుదారులు లేక ఆగిపోయావా? కస్టడీలో ఉన్నవారికి లాయరును ఉచితంగా ఇవ్వాలి. 15100కు ఫోను చేయవచ్చు, కోర్టులోని న్యాయ సేవా కమిటీకి అర్జీ పెట్టవచ్చు. జామీను కష్టమైనది. అతడు వాయిదాకు రాకపోతే సంతకం పెట్టినవారు సొమ్ము కట్టాల్సి రావచ్చు. పొలం పట్టాలున్న మన విశ్వాసుల్లో ఎవరు పెడతారో, వచ్చే కమిటీ మీటింగులో పేర్లు రాసుకోండి.