80 ఛానెళ్లున్నా పాఠం ఏదీ?

దేశంలో విశ్వవిద్యాలయ స్థాయి వీడియో పాఠాలకు కొరత ఉందని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. 2017 జులైలో 32 డీటీహెచ్ ఛానెళ్లతో మొదలైన స్వయంప్రభ ఇప్పుడు 80 ఛానెళ్లకు విస్తరించింది. ఒక్కో ఛానెల్‌లో రోజుకు కనీసం నాలుగు గంటల కొత్త పాఠం, దానికి మరో ఐదు పునఃప్రసారాలు అన్నది అక్కడి నియమం. ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ కలిసి 2003లో ప్రారంభించిన ఎన్‌పీటెల్ పాఠాలు యూట్యూబ్‌లో గుట్టలుగా ఉన్నాయి. తెలంగాణకు సొంతంగా టీశాట్ ఉంది. ఇన్ని ఉన్నా, పరీక్షకు పది రోజుల ముందు డిగ్రీ విద్యార్థి ఫోన్ తీసి వెతికేది తరచూ వీటిని కాదు. ఏ కోచింగ్ సెంటర్ మాస్టారో తెల్లబోర్డు ముందు నిలబడి సగం తెలుగు, సగం ఇంగ్లిషులో చెప్పిన పన్నెండు నిమిషాల పాఠాన్ని.

దీన్ని విద్యార్థి సోమరితనం కింద కొట్టిపారేయడం తేలిక. కానీ తప్పు అతనిది కాదు. మన విశ్వవిద్యాలయాలు నాలుగు దశాబ్దాలుగా వీడియోలు తీస్తూనే ఉన్నాయి. వీడియో కోసం పాఠం రాయడమే ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు.

ఈ కథ 1984 ఆగస్టు 15న మొదలైంది. దూరదర్శన్‌లో యూజీసీ 'కంట్రీవైడ్ క్లాస్‌రూమ్' కార్యక్రమాన్ని ప్రారంభించిన రోజది. ఇన్‌శాట్-1బి చేతిలో ఉంది, దేశమంతటా ట్రాన్స్‌మిటర్లు వెలుస్తున్నాయి. పెద్ద నగరాల అధ్యాపకులకూ ప్రయోగశాలలకూ దూరంగా ఉన్న చిన్న ఊళ్ల కళాశాలలకు కొత్త జ్ఞానాన్ని చేరవేయాలన్నది ఆశయం. మొదట్లో విదేశీ కార్యక్రమాల మీద చాలావరకు ఆధారపడక తప్పలేదు. క్రమంగా విశ్వవిద్యాలయాల్లోనే నిర్మాణ కేంద్రాలు వచ్చాయి. వాటిలో రెండు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఒకటి ఉస్మానియాలో, మరొకటి అప్పట్లో సీఫెల్‌గా పిలిచిన నేటి ఇఫ్లూలో. 1993లో ఈ కేంద్రాలన్నిటినీ సమన్వయపరచడానికి సీఈసీ అనే సంస్థ ఏర్పడింది.

ఆ కార్యక్రమాల్లో మంచివి నిజంగా మంచివే. ప్రొడ్యూసర్ ఉండేవాడు, స్క్రిప్టు ఉండేది, కెమెరా స్టూడియో దాటి బయటికి వెళ్లేది. అయితే వాటిని సిలబస్‌కు ముడిపెట్టలేదు. అవి 'జ్ఞానాన్ని పెంచేవి' మాత్రమే, పరీక్షకు సంబంధించినవి కావు. పైగా మొదట్లో అంతా ఇంగ్లిషే. ప్రసారమయ్యేది కళాశాల నడిచే వేళ. కళాశాలలో టీవీ ఉంటే ప్రిన్సిపాల్ గదిలో ఉండేది. ఇంట్లో ఉన్న గృహిణులు, రిటైరైన ఉద్యోగులు ఆసక్తిగా చూశారు గానీ, ఎవరి కోసం తీశారో వారికి అవి అరకొరగానే అందాయి.

విమర్శలు వచ్చాక దిద్దుబాటు మొదలైంది. సిలబస్ ప్రకారమే పాఠాలు తీయాలన్నారు. 2004 జనవరిలో సీఈసీ వారి వ్యాస్ ఛానెల్ వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో విద్య కోసమే ప్రత్యేకించిన ఎడ్యుశాట్ ఉపగ్రహం శ్రీహరికోట నుంచి నింగికెగిరింది. 2010లో దాని ఆయువు తీరేదాకా ఎన్నో కళాశాలల్లో తరగతులు ఉపగ్రహం మీదుగా నడిచాయి. ఇక్కడే మరో పొరపాటు దొర్లింది. సిలబస్ వచ్చింది, స్క్రిప్టు పోయింది. ప్రొఫెసర్‌ను బల్ల వెనుక కూర్చోబెట్టి, ఎదురుగా ఒక కెమెరా పెట్టి, అరగంట మాట్లాడించి పాఠం పూర్తయిందన్నారు. మొదటి తరం వీడియోలు చూడబుద్ధయ్యేవి గానీ పరీక్షకు పనికిరాలేదు. రెండో తరంవి పరీక్షకు పనికొస్తాయి గానీ చూడబుద్ధి కాదు. 80 ఛానెళ్లలో ఇప్పుడు నడుస్తున్నదాంట్లో అధికభాగం ఈ రెండో తరం సంతానమే.

స్క్రిప్టుకూ రికార్డింగుకూ తేడా ఏమిటో రాజనీతిశాస్త్రంలోని ఒక చిన్న అంశం చూస్తే తెలుస్తుంది. ప్రాధాన్య ఓటు బదిలీ పద్ధతి గురించి డిగ్రీ పాఠ్యపుస్తకంలో పేజీన్నర ఉంటుంది. చదివిన వారికి సూత్రం గుర్తుంటుంది, విషయం అర్థం కాదు. 2021 మార్చిలో హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్ పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానానికి 93 మంది పోటీ చేసినప్పుడు లెక్కింపు రోజుల తరబడి సాగింది. అందులో ఓటేసిన పట్టభద్రుల్లో ఎంతమంది ఆ ఆలస్యానికి కారణం చెప్పగలరు? దీని మీద ఒక ప్రొఫెసర్ అరగంట ప్రసంగించవచ్చు. లేదా బల్ల మీద 25 కాగితపు ఓట్లు, నాలుగు డబ్బాలు పెట్టవచ్చు. ఒకే స్థానం కాబట్టి గెలవాలంటే 13 ఓట్లు కావాలి. తొలి లెక్కింపులో నలుగురికీ వరుసగా 10, 8, 4, 3 వచ్చాయి. ఎవరికీ 13 లేవు. ఆఖరి అభ్యర్థి డబ్బాలోని మూడు కాగితాలు తీసి, రెండో ప్రాధాన్యం చూసి ఒకటి మొదటి వ్యక్తికి, రెండు మూడో వ్యక్తికి వేస్తారు. ఇప్పుడు లెక్క 11, 8, 6. మూడో వ్యక్తి కూడా వైదొలిగాడు. అతని ఆరు కాగితాల్లో అయిదు రెండో వ్యక్తికి, ఒకటి మొదటి వ్యక్తికి వెళ్లాయి. చివరికి 12, 13. మొదటి నుంచీ ముందున్నవాడు ఓడిపోయాడు!

ఈ వీడియోకు ఆరు నిమిషాలు చాలు. గ్రాఫిక్స్ అక్కర్లేదు, కాగితాలు కదిలించే రెండు చేతులు కనిపిస్తే చాలు. కానీ ఆ సంఖ్యలు ముందే కూర్చుకోవాలి. విద్యార్థి ఎక్కడ తికమకపడతాడో తెలిసిన అధ్యాపకుడు, ఏ క్షణంలో కెమెరా డబ్బా మీదికి వెళ్లాలో తెలిసిన ప్రొడ్యూసర్ ఒక బల్ల దగ్గర ఒక పూట కూర్చోవాలి. వీడియో పాఠానికి అసలు ఖర్చు ఆ పూటే, కెమెరా కాదు. జంతుశాస్త్రంలో అవసరం ఇంకా తీవ్రమైనది. 2014లో యూజీసీ జంతువుల డిసెక్షన్లకు స్వస్తి చెప్పాక ప్రయోగశాల బల్ల మీద కప్ప లేదు. చక్కగా తీసిన వీడియో ఆ లోటును కొంతైనా తీర్చగలదు.

అరగంట పాఠాన్ని అయిదు ముక్కలు చేసి అప్‌లోడ్ చేస్తే సరిపోతుందని కొందరి నమ్మకం. సరిపోదు. అమెరికాలో ఎడ్ఎక్స్ కోర్సులకు సంబంధించి సుమారు 69 లక్షల వీక్షణలను విశ్లేషించి 2014లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. వీడియో ఎంత పొడవున్నా విద్యార్థులు సాధారణంగా నిలిచేది ఆరు నిమిషాలకు మించి కాదు. తరగతి గది రికార్డింగులను తర్వాత ముక్కలు చేస్తే, ముందు నుంచీ తెర కోసమే రూపొందించిన వాటంతగా అవి ఆకట్టుకోలేదు. లక్షలు పోసిన స్టూడియో కన్నా అధ్యాపకుడు తన బల్ల దగ్గర కూర్చుని ఎదుట ఉన్న ఒక్క విద్యార్థికి చెబుతున్నట్టు తీసినవే మెరుగనిపించాయి. కోచింగ్ మాస్టారుకు ఈ అధ్యయనం గురించి తెలియకపోవచ్చు గానీ, కిటుకు తెలుసు.

ఇక ఎవరూ పట్టించుకోని సంగతులు రెండున్నాయి. మొదటిది ధ్వని. బొమ్మ కాస్త మసకగా ఉన్నా విద్యార్థి సర్దుకుంటాడు, ఫ్యాను హోరులో మాట వినబడకపోతే వీడియో మార్చేస్తాడు. చొక్కాకు తగిలించే చిన్న మైకు ఆ సమస్యను చాలావరకు పరిష్కరిస్తుంది. రెండోది అక్షరం సైజు. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక చూసే తెర అరచేతిలోకి కుదించుకుపోయింది. ప్రొజెక్టర్ కోసం తయారుచేసిన స్లయిడులో పద్నాలుగు వరుసలుంటే ఫోన్‌లో కనబడేవి చీమలబారులే.

ఇంత చెప్పాక, ఈ వాదనకు కాస్త అడ్డు తగిలే ఒక పాత ప్రయోగాన్ని కూడా ప్రస్తావించాలి. 1970లలో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం, ఎక్కడో దూరంగా ఉన్న కంపెనీ ఇంజినీర్లకు తన తరగతుల వీడియో టేపులు పంపింది. ఎడిటింగ్ లేదు, మెరుగులు లేవు, తరగతిలో జరిగింది జరిగినట్టే. అయినా ఆ ఇంజినీర్లు క్యాంపస్ విద్యార్థులకు ఏమాత్రం తీసిపోలేదు. 1977లో 'సైన్స్' పత్రిక ఈ ఫలితాలను ప్రచురించింది. రహస్యమల్లా ఒక్కటే. నలుగురైదుగురు కలిసి చూశారు, పక్కనే ఒక ట్యూటర్ ఉన్నాడు. ఎవరికి అర్థం కాకపోయినా టేపు ఆపి మాట్లాడుకున్నారు. అంటే సాదాసీదా వీడియో కూడా ఆపే మనిషి ఉంటే పాఠమవుతుంది. ఎన్‌పీటెల్ పాఠాలు సాధారణంగా పొడవైనవే అయినా ఇంజినీరింగ్ కళాశాలల్లో వేళ్లూనడానికి కొంత కారణం ఇదే. కళాశాలల్లో స్థానిక చాప్టర్లు పెట్టి, వెంటపడి చదివించే మెంటర్లను ఏర్పాటు చేశారు, చివర పరీక్ష పెట్టారు. 2020 లాక్‌డౌన్‌లో అధ్యాపకులు ఇళ్లలో ఫోన్లతో రికార్డు చేసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టిన పాఠాలకు ఈ రెండూ కరువయ్యాయి. అవి ఎక్కువగా గ్రూపుల్లోనే పూడుకుపోయాయి.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి భాష సమస్య తోడైంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నిటినీ ఇంగ్లిషు మాధ్యమంలోకి మార్చాలని నిర్ణయించింది. ఇంటర్ వరకు 'నత్రజని' అని చదివిన విద్యార్థి హఠాత్తుగా 'నైట్రోజన్' మాత్రమే వినే తరగతిలో కూర్చున్నాడు. ఎన్‌పీటెల్ కొన్ని కోర్సులకు తెలుగు అనువాదాలు అందిస్తోంది, సంతోషమే. కానీ ఈ విద్యార్థికి కావలసింది అనువాదం కాదు, వంతెన. ఒకే వాక్యంలో రెండు పదాలూ పలికి, ఇంగ్లిషు మాటను తెర మీద రాసి, వివరణను తెలుగులో ఇచ్చే పాఠం కావాలి. అలాంటిది ఢిల్లీలోనో చెన్నైలోనో తయారు కాదు. అనంతపురంలోనో, వరంగల్‌లోనో, ఆ పిల్లలకు రోజూ పాఠం చెప్పే వ్యక్తే తీయాలి.

మరి ఆ వ్యక్తి ఎందుకు తీయాలి? యూజీసీ 2018 నిబంధనల్లో దీనికి జవాబు అంకెల్లోనే ఉంది. వీడియో, పాఠ్యాంశం, చర్చ, పరీక్ష అనే నాలుగు భాగాలతో నాలుగు క్రెడిట్ల పూర్తి ఆన్‌లైన్ కోర్సు తయారుచేస్తే 20 పాయింట్లు. ఆర్ట్స్ విభాగాల్లో ఒక పరిశోధన పత్రం ప్రచురిస్తే 10. నెలల తరబడి పని రెండు పత్రాలతో సమానమన్నమాట. పత్రం అచ్చయితే పేరు మిగులుతుంది. వీడియోలో తప్పు దొర్లితే వేల మంది చూస్తారు. పదోన్నతి కోసం చూసే అసిస్టెంట్ ప్రొఫెసర్ ఏది ఎంచుకుంటాడో ఊహించడం కష్టం కాదు. మరోవైపు విద్యార్థి ఒక సెమిస్టర్ క్రెడిట్లలో 40 శాతం దాకా స్వయం కోర్సుల ద్వారా తెచ్చుకోవచ్చని 2021లో అదే యూజీసీ అనుమతించింది. 2016లో ఆ పరిమితి 20 శాతమే. చూడాల్సిన భారాన్ని రెట్టింపు చేసినవారు తీసేవారి సంగతి అంతగా ఆలోచించలేదు.

కొత్త ఛానెల్ కోసం మరో ప్రకటన రావడానికి ఎక్కువ కాలం పట్టదు. దానికన్నా ముందు చేయదగ్గవి, అంతగా ఖర్చు లేనివి కొన్ని ఉన్నాయి. ఏ పాఠాలు నిజంగా కంటితో చూస్తేనే అర్థమవుతాయో ప్రతి సబ్జెక్టులో ఓ ఇరవై ఎంచుకుని వాటినే తీయవచ్చు. మిగతా వాటికి పుస్తకం చాలు. స్క్రిప్టు రాసిన రోజులను అధ్యాపకుడి పనిదినాలుగా గుర్తించవచ్చు. జిల్లా కళాశాలలో విద్యార్థులను కూర్చోబెట్టి, వీడియో మధ్యలో ఆపి, ప్రశ్న అడిగే కాంట్రాక్టు లెక్చరర్‌కు ఆ గంటను బోధన గంటగానే లెక్కగట్టి జీతం ఇవ్వవచ్చు.