చెంపన కత్తిగాట్ల మేరీమాత

ఉదయం ఆరుగంటలవుతుంది. ఒక్కసారిగా బాకాలు మోగుతాయి. పీఠం మీద పటానికి అడ్డంగా ఉన్న వెండిరేకు మెల్లగా పైకి లేస్తుంది. కింద ఉన్నవాళ్లంతా మోకాళ్లమీదికి వంగుతారు. రేకు చాటునుంచి బయటపడేది ఓ నల్లటి ముఖం. ఒడిలో బాల యేసు, తలమీద కిరీటం, కుడిచెంప మీద... రెండు పొడవాటి గాట్లు!

పోలెండ్ దక్షిణభాగంలో చెన్‌స్తోహోవా అనే ఊరుంది. అక్కడి చిన్న గుట్టపేరు యస్నా గూరా. వెలుగుల కొండ అని అర్థం. దానిమీదున్న మఠం, చర్చి పోలెండ్ క్యాథలిక్కులకి అన్నిటికన్నా పెద్ద యాత్రాస్థలం. వాళ్లు వచ్చేది సుమారు నాలుగడుగుల ఎత్తున్న ఈ చెక్కపటం కోసమే. అందరూ పిలిచే పేరు 'నల్ల మడోన్నా'. శతాబ్దాల తరబడి కొవ్వొత్తుల పొగ పట్టడం, పైపూత పాతబడటం వల్లే రంగు అంతగా నల్లబడిందంటారు.

స్థలపురాణం వింటే యేసు కాలం దాకా వెళ్లాల్సిందే. నజరేతులో మేరీమాత ఇంట్లో ఉన్న భోజనాల బల్ల చెక్కమీద సువార్తికుడు లూకా స్వయంగా ఈ బొమ్మ గీశాడట. చరిత్రకి అందే దారి మాత్రం ఇంత పొడుగు లేదు. ఒపోలె ప్రాంతాన్ని ఏలిన వ్లాదిస్లావ్ 1382లో హంగరీనుంచి పాలైన్ సన్యాసుల్ని రప్పించి ఈ గుట్టమీద మఠం ఏర్పాటుచేశాడు. ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న బెల్జ్ కోటనుంచి 1384లో పటాన్ని తెచ్చి వాళ్ల చేతికిచ్చాడు. సన్యాసులు ఆరువందల ఏళ్లు దాటినా ఇంకా అక్కడే ఉన్నారు, పటమూ ఉంది.

మరి ఆ గాట్లు? 1430 ఈస్టర్ రోజుల్లో దొంగలు మఠం మీద పడ్డారు. పటానికి భక్తులు చేయించిన నగల్ని ఊడబెరికారు. చెక్కని కత్తులతో నరికి ముక్కలు చేశారు. దీనిచుట్టూ అల్లుకున్న కథ పోలెండ్‌లో చిన్నపిల్లలకీ తెలుసు. పటాన్ని బండిలో వేసుకుని పోతుంటే గుర్రాలు అడుగు ముందుకేయలేదట. కోపంతో ఒకడు కత్తి దూసి చెంపమీద రెండు వేట్లు వేశాడు. మూడోది వేయబోతూ గిలగిలా కొట్టుకుని ప్రాణం విడిచాడట! మతద్రోహులైన హుస్సైట్లే ఈ పని చేశారని చాలాకాలం చెప్పుకున్నారు. అయితే, అదే శతాబ్దంలో చరిత్ర రాసిన యాన్ ద్లూగోష్ మరో మాట చెప్పాడు. వచ్చిన మూకలో అప్పుల్లో మునిగిన పోలెండ్ దొరలూ ఉన్నారట. సొంతవాళ్లు చేసిన పాపాన్ని పరాయివాళ్ల మీదికి నెట్టడం ఏ దేశానికైనా తేలికే!

బాగుచేయమని పటాన్ని క్రాకోవ్‌లోని రాజు యగియెవ్వో కొలువుకు పంపారు. చిత్రకారులు ఎన్నిసార్లు రంగులేసినా కారిపోయాయట. పాత పద్ధతి వాళ్లకి తెలియకపోవడమే కారణమని నిపుణుల మాట. చివరికి చెక్కముక్కల్ని అతికి, బొమ్మని మళ్లీ గీశారు. కత్తిగాట్లని మాత్రం చెరిపేయలేదు. జరిగింది గుర్తుండాలని చెంపమీద గీతలు కావాలనే ఉంచారు.

అసలు కథ 1655లో మొదలవుతుంది. స్వీడన్ సేనలు వరదలా వచ్చిపడ్డాయి. వార్సా, క్రాకోవ్ లొంగిపోయాయి. నవంబరు 18న యస్నా గూరాని చుట్టుముట్టాయి. లోపల 160 మంది సైనికులు, 70 మంది సన్యాసులు, కొద్దిమంది జమీందార్ల కుటుంబాలు. బయట రెండుమూడు వేలమంది, పెద్ద ఫిరంగులు. మఠాధిపతి అగుస్తిన్ కోర్దెత్స్కీ గోడలమీద కీర్తనలు పాడిస్తూ, మరోపక్క రాయబారాలు నడుపుతూ రోజులు నెట్టుకొచ్చారు. స్వీడన్ రాజుకి విధేయులమేనని లేఖ కూడా రాశారు. గట్టివారే, గడుసువారు కూడా! క్రిస్మస్ వెళ్లగానే సేనలు వెనుదిరిగాయి. నీలిరంగు ఉత్తరీయం కప్పుకున్న ఓ స్త్రీ గోడలమీద తిరుగుతూ కనిపించిందనీ, గుండ్లు తగిలి వెనక్కి ఎగిరిపోయాయనీ దేశమంతా చెప్పుకున్నారు. లొంగిపోయిన జనానికి మళ్లీ ధైర్యం వచ్చింది.

ఇందులో చాలామందికి తెలియని సంగతొకటుంది. ఆ నలభైరోజులూ పటం అక్కడ లేదు! ముట్టడికి ముందే కోర్దెత్స్కీ దాన్ని గుట్టుగా సిలీసియాకి దాటించేశారు. పీఠం మీద ఉన్నది నకలు.

మూడొందల ఏళ్ల తరవాత అలాంటిదే మరోటి జరిగింది. కమ్యూనిస్టుల పాలనలో 1957 నుంచి పటం నకలొకటి ఊరూరా తిరిగేది. ఏ ఊరెళ్లినా జనం పోటెత్తేవారు. పోలెండ్ క్రైస్తవాన్ని స్వీకరించి వెయ్యేళ్లయిన 1966లో పోలీసులకు ఓపిక నశించింది. ఊరేగింపు పటాన్ని దారిలో ఆపి, యస్నా గూరాకి తీసుకెళ్లి, అక్కణ్నుంచి కదలనివ్వకుండా కాపలా పెట్టారు. పటం లేకపోతే జనం ఇళ్లకి పోతారనుకున్నారేమో! కార్డినల్ స్తెఫాన్ విషిన్‌స్కీ నాయకత్వంలోని చర్చి మాత్రం యాత్ర ఆపలేదు. ఖాళీ చట్రాన్ని, ఓ కొవ్వొత్తిని ఊళ్లు తిప్పింది. పూలు చల్లి, మోకరిల్లి, ఆ ఖాళీ చట్రానికే జనం స్వాగతం పలికారు. ఎందుకు ఖాళీగా ఉందని పిల్లలు అడిగితే ఏం చెప్పాలో ప్రతి ఇంట్లోనూ తెలుసు. ఆరేళ్లు అలాగే గడిచాయి. 1972లో యూజెఫ్ వూయ్‌చిక్ అనే ఫాదర్ కాపలావాళ్ల కళ్లుగప్పి నకలుని బయటికి దాటించేశారు. అది మళ్లీ యాత్రలో చేరింది.

1979లో పోప్ రెండో జాన్ పాల్ ఇక్కడికొచ్చినప్పుడు లక్షలమంది గుమిగూడారు. కార్మిక నాయకుడు లేక్ వవెన్సా కోటుమీద ఎప్పుడూ ఈ మాత బిళ్ల ఉండేది. 1983లో వచ్చిన నోబెల్ పతకాన్నీ ఆయన ఇక్కడే సమర్పించారు.

వార్సానుంచి 1711లో మొదలైన కాలినడక యాత్ర ఇప్పటికీ ఏటా ఆగస్టులో సాగుతుంది. సుమారు 240 కిలోమీటర్లు, తొమ్మిది రోజులు. వచ్చినవాళ్లు పీఠం చుట్టూ మోకాళ్లమీద ప్రదక్షిణ చేస్తారు. గోడలనిండా వెండి హృదయాలు, నయమైనవాళ్లు వదిలేసిన చంకకర్రలు కనిపిస్తాయి. నేల రాతిలో మోకాళ్ల ఒరిపిడికి గాడులు పడ్డాయి.