రెంటచింతల ఎండలో టోక్యో తెలివి

సాఫ్ట్‌వేర్ ఇంజనీరంటే ప్రింటర్ దగ్గర్నుంచి ఇన్వర్టర్ దాకా అన్నీ తెలిసుంటాయని మావాళ్ళకో గట్టి నమ్మకం. కిందటేడాది నుంచి ఆ జాబితాలోకి కారు బ్యాటరీ కూడా చేరింది. నరసరావుపేట నుంచి ఫోనొచ్చిందంటే రెండిట్లో ఒకటే ప్రశ్న. కొత్తగా కొన్నవాళ్ళదైతే, "గేటు దగ్గర ఆపితే ఇంజన్ దానంతటదే ఆగిపోతోందిరా, ఏమన్నా కంప్లయింటా?" కొని మూడేళ్ళయినవాళ్ళదైతే, "బ్యాటరీ పోయింది. కంపెనీది వేయించమంటే బోలెడు చెప్తున్నాడు, మామూలుది చాలా తక్కువలో వస్తోంది. ఏది వేయించమంటావు?"

మొదటిదానికి జవాబు తేలిక. అది కంప్లయింట్ కాదు, స్టార్ట్-స్టాప్ సిస్టమ్. బండి నిలబడగానే ఇంజన్ ఆపేసి, క్లచ్ తొక్కితేనో బ్రేకు వదిలితేనో మళ్ళీ స్టార్ట్ చేస్తుంది. రెండోదానికి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే నా అభిప్రాయంలో ఈ సిస్టమ్ పల్నాడు కోసం తయారైంది కాదు. అయినా సరే, దానికి తగ్గ బ్యాటరీయే వేయించాలి. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగనట్టు కనిపిస్తాయి గానీ, పొసుగుతాయి. చూడండి.

1973 నాటి చమురు సంక్షోభం తర్వాత టయోటా వాళ్ళు తమ క్రౌన్ కారులో ఇలాంటి ఏర్పాటొకటి పెట్టి టోక్యో ట్రాఫిక్‌లో తిప్పి చూశారు. దాదాపు 10 శాతం పెట్రోలు మిగిలింది. గమనించాల్సింది ఆ 10 శాతాన్ని కాదు, టోక్యోని. అడుగడుక్కీ ఆగే ఊళ్ళో పుట్టిన ఆలోచన ఇది. మన దేశంలో మారుతి వాళ్ళు 2015లో సియాజ్ డీజిల్ కారుకి ఎస్.హెచ్.వి.ఎస్ అని పేరుపెట్టి తెచ్చాక ఇది మధ్యతరగతి ఇళ్ళకి చేరింది. ఇప్పుడు చిన్న కార్లలో కూడా వస్తోంది.

మరి నరసరావుపేటలో ఎన్నిసార్లు ఆగుతాం? 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రం అయ్యాక రద్దీ కొంచెం పెరిగిన మాట నిజమే. అయినా అమీర్‌పేటకీ మా పేటకీ పోలికేంటి! గురజాల, మాచర్ల వైపు వెళ్తే బండి ఆగేది గేదెలు అడ్డమొచ్చినప్పుడూ, రైల్వే గేటు పడ్డప్పుడూ. ఈ సిస్టమ్‌కి చేతినిండా పని దొరికేది ఏడాదికొక్కసారి, శివరాత్రికి కోటప్పకొండ దారిలో!

చిన్న లెక్క వేద్దాం. చిన్న పెట్రోలు ఇంజన్ ఊరికే నిలబడి తిరుగుతుంటే గంటకి సుమారు 800 మిల్లీలీటర్లు తాగుతుందనుకుందాం, లీటరు 110 రూపాయలనుకుందాం. హైదరాబాదులో ఆఫీసుకెళ్ళొచ్చేవాడు రోజుకి 20 నిమిషాలు సిగ్నళ్ళ దగ్గర గడిపితే, నెలకి 22 రోజుల్లో మిగిలేది 640 రూపాయల పైచిలుకు. ఏడాదికి ఏడున్నర వేలు దాటుతుంది. బానే ఉంది. అదే మా నాన్నలాంటివాళ్ళు రోజుకి 2 నిమిషాల చొప్పున నెలకి 20 రోజులు ఆగారనుకోండి, నెలకి 58 రూపాయలు! అందులోనూ ఎండాకాలంలో ఏసీ గట్టిగా నడుస్తుంటే సిస్టమ్ ఇంజన్ని ఆపదు, ఆపినా వెంటనే లేపేస్తుంది. అంటే ఆ నెలల్లో అదీ లేదు. ఇవి నేననుకున్న అంకెలే, మీ ఊరి అంకెలు వేసుకుని మీరే చూసుకోండి.

మరి కంపెనీలు దీన్ని అందరికీ ఎందుకు అంటగడుతున్నాయి? మన భాషలో చెప్పాలంటే ఇది బెంచ్‌మార్క్ కోసం రాసిన కోడ్. మన దేశంలో మైలేజీ సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష ఇరవై నిమిషాల లోపే అయిపోతుంది. అందులో దాదాపు నాలుగో వంతు సమయం కారు కదలకుండా నిలబడే ఉంటుంది. ఆ కాసేపూ ఇంజన్ ఆగితే బ్రోచర్లో అంకె పెరుగుతుంది. దొంగలెక్క అనను. నగరంలో అది నిజమైన ఆదాయే, పొగ కూడా తగ్గుతుంది. కానీ ఆ అంకె చూసి కారు కొన్న మాచర్ల ఆసామికి లాభం రాదు, ఖరీదైన బ్యాటరీ మాత్రం వస్తుంది.

ఇక బ్యాటరీ సంగతి. మామూలు కారు బ్యాటరీ పని ఒక్క ఊపు. సెల్ఫ్ కొట్టగానే రెండు మూడు సెకన్లు బలమంతా ఇచ్చేస్తుంది, తర్వాత ఆల్టర్నేటర్ దాన్ని మళ్ళీ నింపుతుంది. స్టార్ట్-స్టాప్ కారులో ఆ ఊపు రోజుకి పాతికసార్లు ఇవ్వాలి. ఇంజన్ ఆగిన ప్రతిసారీ లైట్లు, బ్లోయరు, పాటలు అన్నీ తనే మోయాలి. మామూలుది కొంచెం ఖాళీ అవడం, కొంచెం నిండడం అనే ఈ తంతుకి తట్టుకోలేదు. ప్లేట్ల మీదున్న పదార్థం రాలిపోతుంది, సల్ఫేట్ పేరుకుపోతుంది.

అందుకే రెండు రకాలొచ్చాయి. ఒకటి ఈఎఫ్‌బీ. ఇదీ యాసిడ్ నీళ్ళ బ్యాటరీయే, కాకపోతే ప్లేట్ల మీద పదార్థం రాలకుండా పాలియెస్టర్ పొర, త్వరగా ఛార్జ్ అవడానికి కార్బన్ వగైరాలు కలిపి గట్టిచేస్తారు. రెండోది ఏజీఎం. ఇందులో యాసిడ్‌ని గాజుపీచు చాపల్లో పీల్పించి పూర్తిగా మూసేస్తారు. ఇది ఇంకా గట్టిది, ధరా ఇంకా ఎక్కువే. ఇన్వర్టర్ ఉన్న ప్రతి ఇంట్లో ట్యూబులర్ బ్యాటరీకీ కారు బ్యాటరీకీ తేడా తెలుసు. రెండూ 12 వోల్టులే కదా అని ఒకదాన్ని తీసి ఇంకోదాని చోట పెట్టం. ఇదీ అంతే.

కానీ మా ఊళ్ళో ఒక షాపాయన మా వీధి మాస్టారికి చెప్పిన సిద్ధాంతం వేరు. "బాబాయ్, ఇదీ 12 వోల్టులే, అదీ 12 వోల్టులే. పేర్లే తేడా, లోపలంతా సీసమే." మాస్టారు మామూలుది వేయించుకున్నారు. మొదటి ఏడాది బ్రహ్మాండం. రెండో ఏడాది డిసెంబర్లో ఒక తెల్లవారుజామున కారు కిక్కురుమనలేదు. షాపాయన వచ్చి, "ఈ కొత్త కార్లింతే బాబాయ్" అని తేల్చేశాడు!

అక్కడే మన పల్నాడు ఎండ సంగతి రావాలి. ఎండాకాలం వార్తల్లో రెంటచింతల పేరు వినని తెలుగువాడుంటాడా? సీసం బ్యాటరీకి 25 డిగ్రీలు హాయి. ఆపైన ప్రతి 10 డిగ్రీలకీ ఆయుష్షు సుమారు సగం అవుతుందని బ్యాటరీ పరిశ్రమలో అందరూ వాడే మోటు లెక్క. బయట 45 ఉన్నరోజు బానెట్ కింద 60 దాటడం వింతేం కాదు. లోపల తుప్పు వేగం పెరుగుతుంది, నీరు ఆవిరవుతుంది. ఆ దెబ్బ మే నెలలో బయటపడదు, వేడి మీద రసాయన చర్య చురుగ్గా ఉంటుంది కాబట్టి బండి టక్కున స్టార్టవుతుంది. చలి మొదలయ్యాక అసలు రంగు బయటపడుతుంది. మాస్టారి బ్యాటరీకి డిసెంబర్లో దినం పెట్టారు గానీ, అది చచ్చింది మే నెలలోనే!

ఇదే కారణంతో "డబ్బులెక్కువ పెడితే ఎక్కువ మంచిది" అనే సూత్రం కూడా ఇక్కడ పనిచేయదు. ఏజీఎం గట్టిదే గానీ వేడంటే దానికి పడదు, ఎండిపోతే నీళ్ళు పోసే దారీ లేదు. చాలా జర్మన్ కార్లలో దాన్ని డిక్కీలోనో సీటు కిందో పెట్టడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. బానెట్ కింద ఈఎఫ్‌బీతో వచ్చిన కారుకి పల్నాడులో మళ్ళీ ఈఎఫ్‌బీయే నా ఓటు. ఏజీఎంతో వచ్చిన కారుకి మాత్రం ఏజీఎమ్మే, తగ్గించకూడదు. తిరుపతి దగ్గర కరకంబాడి అమరరాజా వాళ్ళదా, కలకత్తా ఎక్సైడ్ వాళ్ళదా అన్నది తర్వాతి మాట. ముందు రకం సరిగ్గా ఉండాలి.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి:

1. పాత బ్యాటరీ లేబుల్ ఫొటో తీసుకుని వెళ్ళండి. ఈఎఫ్‌బీ అనో ఏజీఎం అనో రాసుంటుంది. కొన్నిటిమీద ఎన్-55, క్యూ-85 లాంటి జపాన్ కోడ్లుంటాయి, అవి స్టార్ట్-స్టాప్ రకం గుర్తులు. కొన్ని మారుతి కార్లలో చిన్న లిథియం బ్యాటరీ కూడా వేరే ఉంటుంది, దాన్ని షాపులో కెలకనివ్వకండి.

2. తయారీ తేదీ చూడండి. షాపులో ఆరునెలలు ఎండకి మాగిన సరుకు కొత్తది కాదు.

3. సీసీఏ అంకె చూపించి ఊరిస్తే మురిసిపోకండి. అది మైనస్ 18 డిగ్రీల చలిలో ఇచ్చే కరెంటు కొలత. మాచర్లలో దాని అవసరం ఎప్పుడొస్తుందో మీరే చెప్పండి! కంపెనీ చెప్పినంత ఉంటే చాలు, ఏహెచ్ అంకె మాత్రం తగ్గకూడదు.

4. వారంటీలో ఎన్ని నెలలు ఉచితంగా మారుస్తారో, ఎన్ని నెలలు ప్రో-రేటానో విడిగా అడగండి. బిల్లు మీద బ్యాటరీ రకం, సీరియల్ నంబరు రాయించుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వీటి మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పాత ధర చెప్తే నిలదీయండి.

5. పాతది షాపులోనే ఇచ్చి తగ్గింపు తీసుకోండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని వెనక్కి సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులది. పాత ఇనప సామాన్లవాడికిస్తే ఆ సీసం ఏ ఊరి చివరో కరిగి ఎవరి పిల్లల ఒంట్లోకో పోతుంది.

ఇక ఆయుష్షు పెంచడం. ఊళ్ళో తిరిగినంతసేపూ డ్యాష్‌బోర్డ్ మీద 'ఏ' అక్షరం చుట్టూ బాణం గుర్తున్న బటన్ నొక్కేయమని నాన్నకి చెప్పాను. పోయేది నెలకి 58 రూపాయలే. చాలా కార్లలో స్టార్ట్ చేసిన ప్రతిసారీ అది మళ్ళీ ఆన్ అయిపోతుంది, నొక్కడం మర్చిపోతారు. అందుకే ఆపేసి వాడతాం కదా అని మామూలు బ్యాటరీ వేయించొద్దంటాను. పైగా ఆ కారు ఛార్జింగ్ పద్ధతి అంతా మొదట వచ్చిన బ్యాటరీ రకాన్ని బట్టే ఉంటుంది. నీడలో పెట్టండి, వేపచెట్టయినా పర్లేదు. వారానికొక్కసారన్నా అరగంట, ముప్పావుగంట ఆగకుండా తిప్పండి. సత్తెనపల్లి దాకా వెళ్ళొచ్చినా చాలు. గుడికీ బజారుకీ రెండేసి కిలోమీటర్లు తిప్పితే సెల్ఫ్‌కి ఖర్చయింది కూడా తిరిగి నిండదు. నెలలతరబడి కదలకపోతే, ఆ రకం బ్యాటరీకి సరిపడే స్మార్ట్ ఛార్జర్ పెట్టండి. నెగటివ్ క్లిప్పుని బ్యాటరీకి కాకుండా బానెట్ లోపలి ఎర్త్ పాయింటుకి తగిలించాలి. నెగటివ్ టెర్మినల్ మీదుండే సెన్సర్ లెక్క తప్పకుండా ఉండాలంటే అదే దారి. ఎందుకైనా మంచిది, మాన్యువల్ ఒకసారి తిరగేయండి.

ఇంకో ముఖ్యమైన గుర్తు. బ్యాటరీ నీరసించిందని కంప్యూటరుకి తెలిసినప్పుడు అది ముందు స్టార్ట్-స్టాప్‌నే మానేస్తుంది. ఏసీ లేకుండా, ఇంజన్ వేడెక్కాక కూడా వారాలతరబడి సిగ్నల్లో ఆగడం లేదంటే, "పీడా పోయింది" అనుకోకండి. అది మొదటి అలర్ట్.

ఇదంతా ఇంత పొడుగ్గా ఎందుకు రాస్తున్నానంటే, ఈ కార్లలో చాలావాటిని కొన్నది మనం, వాడుతున్నది మన అమ్మానాన్నలు. మనం హైదరాబాదులోనో బెంగుళూరులోనో డల్లాస్‌లోనో ఉంటాం. సర్వర్ డిస్కు 80 శాతం నిండితే అర్ధరాత్రి ఫోన్ మోగేలా పెట్టుకుంటాం. ఊళ్ళో ఆ కారుకి ఉన్న ఒకే ఒక్క అత్యవసరం రాత్రి రెండింటికి 45 కిలోమీటర్ల దూరంలో గుంటూరు ఆసుపత్రికి వెళ్ళడం. దానికి మాత్రం ఏ మానిటరింగూ లేదు! ఇంట్లో డెబ్భై ఏళ్ళాయన, ఆమె. తోయడానికి మనిషి దొరకడు, దొరికినా ఆటోమేటిక్ అయితే తోస్తే స్టార్టవదు. ఇక్కడ బ్యాటరీ అంటే మైలేజీ కాదు, భరోసా.

కంపెనీలు ఒకసారి ఆపితే ఆగిపోయే సెట్టింగ్ ఇవ్వాలి. మైలేజీ అంకె పక్కనే ఆ కారుకి కావాల్సిన బ్యాటరీ రకం, ధర కూడా బ్రోచర్లో వేయాలి. అవి జరిగేటప్పటికి మన పిల్లలు కార్లు కొంటారేమో. ఈలోగా మనం చేయగలిగింది ఒకటుంది. ఈసారి ఊరెళ్ళినప్పుడు కొన్ని వందలు పెట్టి ఒక మల్టీమీటరు పట్టుకెళ్ళండి. రాత్రంతా కదలని కారుకి పొద్దున్నే బానెట్ ఎత్తి కొలవండి. 12.6 వోల్టులో అంతకన్నా ఎక్కువో ఉంటే నిశ్చింత. 12.4 కంటే దిగితే ఛార్జింగ్ పెట్టాలి. 12.2 అంటే సగమే ఉన్నట్టు. ఛార్జ్ చేసినా నాలుగు రోజుల్లో మళ్ళీ అక్కడికే వస్తే పండగ అయ్యేదాకా ఆగకండి, సరైన రకం వేయించి మరీ బస్సెక్కండి.