న్యాయవిద్యలో కడపటి సంవత్సరము

మూడేండ్ల న్యాయవిద్యలో కడపటి యేడు వ్యర్థమను మాట ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునను, తార్నాకలోని విద్యార్థుల గదులలోను తరచుగా వినవచ్చుచున్నది. చదువవలసిన శాసనములు రెండేండ్లలోనే చదివితిమి గదా, మూడవ యేడు ప్రభుత్వోద్యోగ పరీక్షలకు వినియోగింతము, పట్టా దానంతటదియే చేతికి వచ్చును, అని యువకులు నిస్సంకోచముగా చెప్పుచున్నారు. ఈ మాటను తోసివేయుటకు ముందు దానిలోని నిజమెంతయో విచారింపవలసియున్నది.

ఇట్టి వాదము మనయొద్దనే పుట్టలేదు. 2013 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు ఒబామా, తాను న్యాయశాస్త్రమును బోధించినవాడయ్యు, తరగతిగదిలో రెండేండ్లు చాలుననియు, మూడవ యేట విద్యార్థి వకీళ్లయొద్దనో న్యాయమూర్తులయొద్దనో పనిచేయుట మేలనియు పలికెను. 2014లో ఆ దేశపు సుప్రీముకోర్టు న్యాయమూర్తి స్కాలియా దీనిని తిరస్కరించి, న్యాయశాస్త్రము సమగ్రముగా నభ్యసింపవలసిన విద్యయే గాని వట్టి చేతిపని గాదని వాదించెను. అచ్చటి తగవునకు మూలము అప్పు. ఒక్క యేటి ఫీజు తగ్గినను అచ్చటి విద్యార్థికి గొప్ప ఊరట. మన ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో ఫీజులు ఆ స్థాయివి కావు. ఇచ్చట యేడు భారమగుటకు కారణము, దానిలో పని జరుగకపోవుట.

కాగితముమీద లోపమేమియు లేదు. 2008 నాటి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమములు దావాపత్రములు దస్తావేజులు వ్రాయుట, వృత్తిధర్మము, కోర్టు వెలుపలి పరిష్కారములు, మూట్ కోర్టు అను నాలుగింటిని తప్పనిసరి పాఠములుగా చేసినవి. విద్యార్థి మూడు మూట్ కోర్టులలో వాదింపవలెను. ఒక సివిలు వ్యాజ్యమును, ఒక క్రిమినలు కేసును కన్నులార చూచి వ్రాయవలెను. మూడేండ్లలో మొత్తము పండ్రెండు వారములు వకీళ్లయొద్దనో కోర్టులలోనో పనిచేయవలెను. ఇవన్నియు నిజముగా జరిగినచో కడపటి యేడు చాలలేదనియే విద్యార్థి మొరపెట్టుకొనును! పలుచోట్ల జరుగుచున్నదేమి? ముందటి యేటివారి రికార్డు చూచి ఈ యేటివారు వ్రాయుచున్నారు. ఆ పుస్తకములలోని సాక్షులు ఏండ్ల తరబడి అదే సాక్ష్యము చెప్పుచున్నారు. ముద్దాయిలు అదే నేరమునుండి మరల మరల విడుదలగుచున్నారు.

దీనివలన నష్టపడువాడెవడు? వకీలు కుమారునికి బాధలేదు. కాలేజీలో నేర్వనిది ఇంటి ఆఫీసుగదిలో నేర్చుకొనును. నల్లగొండనుండియో పాలమూరునుండియో వచ్చి, కుటుంబములో మొదటిసారి నల్లకోటు తొడుగబోవు బీదవానికి ఆ గది యెక్కడిది? పహాణీ చదువుట, కోర్టుఫీజు లెక్కగట్టుట, భయపడుచున్న కక్షిదారుని నోట నిజము రాబట్టుట, ఇవి వానికెవరు నేర్పవలెను? జూనియరుగా చేరిన తొలియేండ్లలో రాబడి స్వల్పము. తప్పులు మాత్రము కక్షిదారుని ఖర్చుమీద నడచును. సమను అందిన ముప్పది దినములలో జవాబుదావా దాఖలు చేయవలెనని సివిల్ ప్రొసీజరు కోడు చెప్పుచున్నది. కోర్టు కారణములు వ్రాసి తొంబది దినములవరకు గడువీయవచ్చును. వాయిదానాడు ప్రతివాది పక్షమున నెవ్వరును లేనిచో ఏకపక్ష డిక్రీ కావచ్చును. దానిని రద్దుచేయ దరఖాస్తు పెట్టుటకు మరల ముప్పది దినములే. ఈ లెక్క పరీక్షలో తప్పినవానికి రెండు మార్కులు పోవును. కోర్టులో తప్పినచో ఒక రైతు భూమి పోవును.

ఈ మధ్య వెలువడిన తీర్పులు ఈ విషయమును మరింత ముఖ్యము గావించినవి. 2024 జూలైలో సుప్రీముకోర్టు, వకీలుగా పేరు నమోదు చేయించుకొనుటకు శాసనము చెప్పిన 750 రూపాయలకు, షెడ్యూల్డు కులములు తెగల వారివద్ద 125 రూపాయలకు మించి వసూలు చేయరాదని తీర్పు చెప్పెను. బీదలకు ద్వారము కొంత తెరువబడినది. 2025 మే 20న అదే కోర్టు, జూనియరు సివిలు జడ్జి పదవిని కోరువారికి మూడేండ్ల వకీలు వృత్తి యుండవలెనను నిబంధనను పునరుద్ధరించినది. కాలేజీనుండి నేరుగా న్యాయాసనమెక్కు ఆశ యిక లేదు. ఈ రెండు తీర్పులను మేము హర్షింతుము. కాని పని రానివానికి తెరువబడిన ద్వారమువలన ఫలమేమి?

ఇంకొక మాట. ఉస్మానియా 1918లో నెలకొన్నప్పుడు ఉన్నతవిద్యను ఉర్దూలో గరపదలచి, అనువాదశాల నేర్పరచి శాస్త్రగ్రంథములను ఆ భాషలోనికి తెచ్చిరి. తెలుగువారు దానివలన పడిన యిబ్బందులు వేరు కథ. ఒక దేశభాష కాలేజీ చదువును మోయగలదని మాత్రము అప్పుడే తేలినది. 2023లో తెలంగాణ హైకోర్టు తెలుగున తీర్పు వెలువరించినది. అయినను మన విద్యార్థి ఆంగ్లమున దావా వ్రాయ నేర్చును గాని, దానిని కక్షిదారునికి తెలుగున చదివి వినిపించుట యెవరును నేర్పరు. తనకు బోధపడని కాగితముపై వ్రేలిముద్ర వేయు వృద్ధురాలిని మేమెందరినో చూచితిమి.

మేము కోరునది పెద్దది గాదు. కడపటి యేట వారమునకు రెండు దినములు తరగతులు మూసి విద్యార్థులను కోర్టులకు పంపవలెను. తార్నాకనుండి సికింద్రాబాదు కోర్టులు దగ్గర. మెట్రోరైలులో అమీరుపేటలో మారినచో నాంపల్లి చేరవచ్చును. చూచిన విచారణను అధ్యాపకుడు మరునాడు ప్రశ్నలు వేసి పరీక్షింపవలెను. రికార్డు చూచి మార్కులు వేయుట మానవలెను. ఇక మా వృత్తివారి మాట. జంటనగరములలో ఇరువదియేండ్ల అనుభవముగల ప్రతి న్యాయవాదియు, కోర్టులో చుట్టమెవ్వరును లేని విద్యార్థుల నిద్దరిని ఏటేట తన ఆఫీసున చేర్చుకొని, పోకరాకల ఖర్చైన నీయవలెను. బార్ అసోసియేషనులు ఇందులకు సిద్ధపడువారి పేర్లు వ్రాసికొని, రాబోవు విద్యాసంవత్సరము మొదలు కాకమునుపే ఆ జాబితాను కాలేజీకి పంపవలెనని కోరుచున్నాము.