నోటరీ సీలు ఉంటే చాలదు



అన్నదమ్ములు పెద్దమనుషుల ఎదుట పొలం, ఇల్లు పంచుకుని, వంద రూపాయల స్టాంపు కాగితం మీద పారీఖత్తు రాయించి, నోటరీ చేత సీలు వేయిస్తారు. ఇక తిరుగులేదనుకుంటారు. కొన్నేళ్లకు తగాదా వచ్చి దాన్ని కోర్టులో మార్క్ చేయించబోతే అవతలి వకీలు లేచి అడ్డుపడతాడు. కోర్టు గుమాస్తాగా ఈ తంతు చాలాసార్లు చూశాను.

ఫలానా మనిషి తన ఎదుట సంతకం చేశాడని మాత్రమే నోటరీ చెబుతాడు. వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తిని పంచే దస్తావేజు రిజిస్టరు కావాల్సిందేనని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. రిజిస్టరు కాకపోతే అది హక్కుకు సాక్ష్యం కాదు. మహా అయితే ఎవరి స్వాధీనంలో ఏముందన్న పక్క విషయానికి చూస్తారు. అదీ స్టాంపు సుంకం సరిపోయి ఉంటేనే! లేదంటే లోటు సుంకంతో పాటు దానికి పదింతల దాకా పెనాల్టీ కట్టాలి.

ముందే నోటిమాటగా పంచుకుని, గుర్తుకోసం రాసుకున్న కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని 1976లో కాలే కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. ఆ తీర్పు పేరు చెప్పి, అప్పటికప్పుడు పంచుతున్న ఆస్తికి కూడా ‘ఇదివరకే పంచుకున్నాము’ అని రాసిపెట్టే లేఖరులున్నారు. కానీ స్టాంపు చట్టానికి మన దగ్గర చేసిన సవరణ ప్రకారం, జరిగిపోయిన పంపకాన్ని రాసుకుని వాటాదారులు సంతకాలు చేసిన కాగితానికీ పంపకపు సుంకం పడుతుంది. ఇది చెప్పేవాళ్లు తక్కువ.

వీలునామా సంగతి వేరు. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, నోటరీ అసలే అక్కర్లేదు. ఇద్దరు సాక్షులు కావాలి. వాళ్లు బతికుంటే ఒకరైనా బోనెక్కి చెప్పాలి. ఎంత అందమైన సీలైనా ఆ సాక్ష్యానికి బదులు కాదు.

నా కోరిక ఒక్కటే. స్థిరాస్తి పంపకాల కాగితాలపై నోటరీ సీలు పక్కనే, ‘ఇది రిజిస్ట్రేషన్ కాదు, దీనివల్ల ఆస్తి హక్కు రాదు’ అని తెలుగులో ముద్ర వేయడం ప్రభుత్వం తప్పనిసరి చేయాలి. ఒక రబ్బరు స్టాంపు ఖర్చు. గిరాకీ పోతుందని కొందరు నోటరీలు గునుస్తారు, పోనివ్వండి. ఇప్పటికే అలాంటి కాగితాలు బీరువాల్లో దాచుకున్నవాళ్లు, సంతకాలు చేసినవారంతా బతికుండగానే, మాటలు కలుస్తుండగానే, రిజిస్టరు దస్తావేజు రాయించుకోవడం మేలు.

ఇట్లు,
ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి, తెనాలి